కాసులత్త ఊఁకారం

నమోదు 311. శుక్రవారం.
చేయి పెట్టింది: పోలేశ్వరి.

ఈ కంప్యూటరు డబ్బా మీద ఎవరు చేయి పెట్టినా ఇక్కడ రాయాలి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, మార్చాక ఏమైంది. మా పంట్లపేటలో సొంత కంప్యూటర్లు నడుపుకునే ఇళ్ళన్నిటికీ ఉన్నది ఇదొక్కటే రూలు. లంకలన్నీ మునిగాక పంట్లని, అంటే మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పెద్ద పడవల్ని, తాళ్ళతో ఒకదానికొకటి కట్టుకుని గోదారి మీద తేలుతున్న ఊరు మాది. అలాంటి ఊళ్ళో ఇంకెన్ని రూళ్ళు పెడితే నిలబడతాయి? ఈ ఒక్కదాన్నైనా పాటించండి మహాప్రభో అని మొత్తుకుంటుంటే, నమోదు 310 తర్వాత ఎవరో వచ్చి, డబ్బాని కెలికి, ఒక్క ముక్క రాయకుండా పోయారు.

పొద్దున్న సోలార్ పట్టా మీద పేరుకున్న ఉప్పు కడిగి, కరెంటు కుదురుకున్నాక డబ్బా ఆన్ చేశాను. కాసులత్త తన మీటల పలక మెడలో వేసుకుని "టీ పెట్టావా" అని కొట్టింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. గొంతు రాలేదు. మళ్ళీ కొట్టింది. రాలేదు. మూడోసారి ఆ పలకతో నా వీపు మీద కొట్టింది.

కాసులత్త నా మేనత్త. పేట రేవులో చేపల వేలం పాడించేది ఆమే. గుట్ట పోసిన చేపల ముందు పీటెక్కి నిలబడి, ఊఁ… అని లాగుతూ, ఒక్కొక్క రేటూ అరిచి చెబుతుంటే అవతలి గట్టు మీద గేదెలు తలలెత్తి చూసేవి. ఎండాకాలంలో గొంతులో గడ్డ వచ్చింది. గడ్డతో పాటు గొంతూ తీసేశారు. అప్పటినుంచి ఆ పీట మా పంటు మీద లేదు. పీట ఎప్పుడూ పాడించేవాళ్ళ ఇంట్లోనే ఉండాలి, అది రేవు పద్ధతి. ఇంకా ఎవరికీ ఖాయం కాలేదు గనక ఇప్పుడది రేవు కమిటీ ప్రెసిడెంటు తాతారావు గారింట్లో ఉంది. దాని మీద ఆయన మనవలు కూచుని ఇడ్లీలు తింటున్నారని తెలిసి అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

పేటలో అందరి దగ్గరా ఉన్న పాత రికార్డింగులు పోగేసి నేనూ, మా ఏడుకొండలు బావా కలిసి ఆమె గొంతుని ఈ డబ్బాలో కట్టాం. ఆమె మీటలు కొడితే ఆమె గొంతే పలుకుతుంది. శబ్దాలు శుభ్రం చేసే ప్రోగ్రాములు మూడు చూసి, అన్నిట్లోకీ కఠినమైనదాన్ని ఎంచుకున్నాం. కాకులు, ఇంజిన్లు, గాలి, మూలుగులు, మాట కానిదంతా ఊడ్చేసింది. అంత శుభ్రంగా అత్త పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడి ఉండదు. మేం మాత్రం తెగ మురిసిపోయాం.

వచ్చే బుధవారం రేవులో పరీక్ష. సగం గుట్టలకి నిశ్చింత అనే కంపెనీ వాళ్ళ మాట్లాడే పలక పాడిస్తుంది, సగం గుట్టలకి అత్త. ఎవరు బాగా పాడిస్తే పీట వాళ్ళది. అత్త ఓడిపోతే ఆ పీట ఇక ఈ పంటెక్కదు. అలాంటి సమయంలో గొంతు లేదు.

సాయంత్రానికి దొంగ దొరికాడు. తనే వచ్చాడు, నవ్వుకుంటూ.

"నేనేనే పోలీ. బుధవారం పెద్ద పని కదా అని అప్‌డేట్ పెట్టాను. కొత్త కెర్నెల్ వచ్చింది. ఎంత బావుందనుకున్నావ్!"

"పనిచేస్తున్నదాన్ని ఎందుకు కెలికావు బావా?"

"ఇంకా బాగా పనిచేస్తదనీ."

దేవుడా! ఈ మాట మా మనుషులు తప్ప భూప్రపంచంలో ఇంకెవరూ అనరు.


నమోదు 312. శనివారం.
చేయి పెట్టింది: పోలేశ్వరి. పక్కన నిలబడి సలహాలిచ్చింది: ఏడుకొండలు.

మేం వాడేది లినక్సు. పేటలో అది రెండు రకాలు. ఒకటి నిదానం. అందులో ఏదీ తొందరగా మారదు. రెండోది పరుగు. అందులో నిన్నటిది ఇవాళ ఉండదు. నేను నిదానం మనిషిని. బావ పరుగు మనిషి. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మా పేటలో ఈ సంగతి కూడా అడుగుతారు. అత్త డబ్బాలో ఉన్నది నిదానం. బావ గారు దాంట్లోకి పరుగు వాళ్ళ కెర్నెల్ తెచ్చి దించాడు. కెర్నెల్ అంటే యంత్రానికీ ప్రోగ్రాములకీ మధ్య నిలబడి ఇద్దరి మాటా ఇద్దరికీ చేరవేసేది. ఒకింటి ఇల్లాలిని ఇంకో ఇంట్లో వంటకి పెట్టినట్టుంది వ్యవహారం. ఏ గిన్నె ఎక్కడుందో ఆవిడకేం తెలుసు?

"పాత కెర్నెల్‌తో మొదలుపెడదాం" అన్నాను.

బావ నీళ్ళు నమిలాడు. "చోటు చాల్లేదే. తీసేశాను."

నేనేమన్నానో ఇక్కడ రాయను. పిల్లలు కూడా చదువుతారు.

పాతదాన్ని మళ్ళీ దింపుకుందామంటే పేటకి ఉన్న ఒక్క టవరూ నిశ్చింత వాళ్ళది. "ఈ ఫైలు మీకు అవసరం లేదు" అని చెప్పి పక్కన ఒక పువ్వు బొమ్మ పెట్టింది. నాకేది అవసరమో నాకు చెప్పడానికి అదెవరు? నా కంప్యూటరులో పాతది ఉంది కానీ, నాది వేరే రకం చిప్పు. దీనికి అతకదు.

సరే, ఉన్నదాంతోనే తేల్చుకుందామని కూచున్నాను. మధ్యాహ్నానికి మొదటి ముడి విడింది. డబ్బా శబ్దాన్ని తెరకి పంపుతోంది. ఆ తెరకి స్పీకరే లేదు. లేని స్పీకరుకి పాపం ఎంతో శ్రద్ధగా పంపుతోంది. దారి మళ్ళించాను. అయినా రాలేదు. చూస్తే ఆ దారిలో శబ్దం కుళాయి కట్టేసి ఉంది. తిప్పాను. అత్త రెండు రోజులుగా కొట్టిపెట్టుకున్న తిట్లన్నీ వరసగా బయటికొచ్చాయి. బావ చెవులు మూసుకున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గొంతు నాకు అంత ఇష్టం.

కానీ ఏదో తేడా కొట్టింది. "ఏడుకొండలూ" అని కొడితే "…కొండలూ" అని వచ్చింది. "పోలీ" అంటే "…లీ". కాసేపు ఊరుకుని మాట్లాడితే మాట తల ఎగిరిపోతోంది. మొండెం వస్తోంది. వేలంలో మాట తల పోతే అంకె పోతుంది, అంకె పోతే కొట్లాట.

అప్పుడే నిశ్చింత వాళ్ళ మనిషి పడవ దిగాడు. పేరు ప్రణీత్. తడవని బూట్లు. పలక మా నట్టింట్లో పెట్టాడు.

"ఎందుకండీ ఈ కష్టం? ఇందులో ఇరవై గొంతులున్నాయి మేడమ్. మీకు ఏది నప్పుతుందో అదే చూసుకుంటుంది. ఒకసారి మాట్లాడించి చూడండి."

అత్త అతణ్ణి కిందనుంచి పైదాకా చూసి, అతని పలక మీద కొట్టింది: "మా ఇంట్లోకి బూట్లతో వస్తావురా ఎదవా."

పలక తేనెలాంటి గొంతుతో అంది: "విచ్చేసినందుకు సంతోషం. దయచేసి పాదరక్షలు బయట ఉంచగలరా?"

ప్రణీత్ మెరిసే మొహంతో మావైపు చూశాడు. అత్త పళ్ళు నూరింది. పలకని రెండు వేళ్ళతో, చచ్చిన పీతని పట్టుకున్నట్టు పట్టుకుని, అతని చేతిలో పెట్టి గుమ్మం చూపించింది.


నమోదు 313. ఆదివారం.
చేయి పెట్టింది: పోలేశ్వరి.

తల ఎందుకు తెగుతోందో తెలిసింది. కొత్త కెర్నెల్ పొదుపరి. శబ్దం లేకపోతే చాలు, సౌండు కార్డుని నిద్రపుచ్చేస్తుంది. మాట వచ్చినప్పుడు అది ఉలిక్కిపడి లేస్తుంది. లేచేలోపు మొదటి అక్షరాలు పోతాయి. నిద్ర మానమని సెట్టింగు రాశాను. విన్నది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ నిద్ర. ఎందుకయ్యా అంటే నిద్రపుచ్చేవాళ్ళు ఇద్దరున్నారు, కెర్నెల్ ఒకటి, శబ్దాలు పంచే సర్వరు ఒకటి. రెండోదానికీ రాశాను. అది సరేనంది, తన పని తాను చేసుకుపోయింది. కొత్త కెర్నెల్‌లో ఆ సెట్టింగు పేరు మార్చారట. కొత్త పేరేంటో ఎక్కడా రాయలేదు. వెతుకుదామంటే టవరు పువ్వులు పెడుతోంది.

నా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్క కూతురు వచ్చి "నిశ్చింత తీసేసుకోవచ్చు కదే పిన్నీ, అన్నీ అదే చూసుకుంటది" అంది. చూసుకుంటుందమ్మా. ఏం తినాలో, ఎవరితో మాట్లాడాలో, ఎంత కోపం రావాలో కూడా అదే చూసుకుంటుంది. నా డబ్బా చెడితే నేను విప్పుతాను. రెండు రోజులు ఏడుస్తాను, మూడో రోజు బాగుచేస్తాను. ఆ ఏడుపు నాది, ఆ బాగుచేయడమూ నాదే. ఆ పలక చెడితే ఎక్కడ విప్పాలో చూపించు. దానికసలు మరమేకే లేదు!

పిల్ల వెళ్ళిపోయింది. కాస్త గట్టిగా అరిచినట్టున్నాను.


నమోదు 314. సోమవారం.
చేయి పెట్టింది: పోలేశ్వరి, ఏడుకొండలు.

రేవులో ఒకసారి సరిచూసుకుందామని డబ్బాని తెప్పలో వేసుకుని వెళ్ళాం. రేవు మైకు హారనుకి వైరు కలిపాం. అత్త మీటలు కొట్టింది. ప్రతి రేటుకీ తల తెగింది. ఐసు గంపల దగ్గర కూచున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

పాత బేరగాడు బుల్లబ్బాయి మామ ఒక ఖాళీ గంప చంకన పెట్టుకుని లేచాడు.

"ఆగింది కదే కాసులూ! గొంతు ఆగితే ఆఖరు మాటోడిదే సరుకు. పద్ధతి మర్చిపోయావేంటి? ఇదుగో, గంప నాది."

హాస్యానికే అన్నాడు. కానీ అత్త మొహం పాలిపోయింది. నాకు అర్థం కాలేదు. ఎప్పుడూ సోలార్ పట్టాలూ వైర్లూ పట్టుకు తిరిగేదాన్ని, వేలం జరిగేటప్పుడు రేవు మొహం చూసే తీరిక నాకెక్కడిది? బావని అడిగాను.

"గుట్ట తెగి అమ్ముడయ్యేదాకా పాడించేవాళ్ళ గొంతు ఆక్కూడదే. రేటుకీ రేటుకీ మధ్యన ఊఁ అని లాగతానే ఉండాలి. అది ఆగిందంటే పాట అయిపోయినట్టే. ఎండాకాలం నుంచి అత్త బదులు పాడించే కుర్రోడు ఊపిరి సాలక దగ్గుతా నెట్టుకొస్తన్నాడు."

"మరి అత్తకి ఊఁ ఏదీ?"

బావ నా మొహం చూశాడు. నేను బావ మొహం చూశాను. మాట కానిదంతా ఊడ్చేశాం కదా మేమిద్దరం, కూచుని మురిసిపోతూ.

మేం ఊఁని ఊడ్చేసిన సంగతి అత్తకి అప్పుడే తెలిసింది. ఆమె కోపం నేను చాలాసార్లు చూశాను కానీ, ఇలాంటిది చూడలేదు. మీటల పలక మెడలోంచి తీసేసి, తెప్పలో మాకు వీపు చూపించి కూచుంది. ఇంటికి చేరేదాకా అలాగే కూచుంది.


నమోదు 315. మంగళవారం.
చేయి పెట్టింది: పోలేశ్వరి, ఏడుకొండలు.

ఊడ్చేయని అసలు రికార్డింగులు మా దగ్గర లేవనుకున్నాను. బావ దగ్గరున్నాయి. ఏదైనా తీసేసేముందు అన్నీ వేరే డిస్కులో దాచుకుంటాడట. "అయితే పాత కెర్నెల్ ఎందుకు దాచలేదు?" అంటే "అది పాతది కదే" అన్నాడు. ఈ మనిషిని ఏం చెయ్యాలో నాకు తెలియదు. కానీ ఇవాళ అతన్ని తిట్టను.

డిస్కు పెట్టి వినిపించాం. కాకులు, ఇంజిను, ఎవరో పిల్లాడి ఏడుపు, అన్నిటి కిందనుంచీ అత్త ఊఁ… లాగుతోంది. పొయ్యి దగ్గరున్న అత్త చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వచ్చి స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. బావ ముక్కు తుడుచుకుని "ఎడిటింగుకి ఏ ప్రోగ్రామైతే బావుంటదంటావ్?" అన్నాడు. దాని మీద కాసేపు పోట్లాడుకున్నాం. చివరికి పాతదే, అందరికీ చేతకానిదైనా నాకు చేతయినదే వాడాం.

ఊఁ ముక్కలు ఏరి, అతుకు తెలియకుండా ఒకదాని వెంట ఒకటి తిరిగేలా పెట్టాం. అత్త చేతులు మీటల మీద ఉంటాయి కాబట్టి ఊఁకి కాలు కావాలి. బావ వాళ్ళమ్మ కుట్టుమిషను పెడలు పట్టుకొచ్చాడు. తొక్కితే ఊఁ, వదిలితే ఆగుతుంది.

అత్త తొక్కింది. ఊఁ వచ్చింది. దాని మీద "ఏడుకొండలూ" అని కొట్టింది.

ఏడుకొండలు పూర్తిగా వచ్చాడు! తలతో సహా!

ఇద్దరం ఒకేసారి ఎగిరాం. పంటు ఊగింది. ఊఁ నడుస్తున్నంతసేపూ శబ్దం ఉంది, శబ్దం ఉన్నంతసేపూ కార్డు నిద్రపోదు. రాత్రనక పగలనక వెతికిన సెట్టింగు అత్త కాలి కింద ఉంది.

ప్రణీత్ మళ్ళీ వచ్చాడు, ఈసారి బూట్లు చేత్తో పట్టుకుని.

"మేడమ్, రేపటినుంచి రిజిస్టరు కాని పరికరాలు పబ్లిక్ హారనుకి కలపకూడదు. రూలు వచ్చింది. నిశ్చింత అయితే దానంతటదే రిజిస్టరైపోతుంది."

"ఎవరు పెట్టారు బాబూ రూలు?"

"సిస్టమ్ పెట్టిందండి."

"ఆ హారను చేపలమ్మే ఆడోళ్ళు కొన్నది. వైరు నేను లాగింది. గొంతు మా అత్తది. ఇందులో మీ సిస్టమ్ వాటా ఏంటో చెప్పు, ఇచ్చేస్తాను" అన్నాను.

రూలు తాతారావు గారికి కూడా పంపానని చెప్పి పడవెక్కాడు.

అప్‌డేట్లన్నీ ఆపేసి తాళం వేశాను. తాళం తీసే పాస్‌వర్డు బావకి చెప్పలేదు.


నమోదు 316. బుధవారం.
చేయి పెట్టింది: పోలేశ్వరి.

పొద్దున్నే రేవు నిండిపోయింది. పీట మీద నిశ్చింత పలక పెట్టారు. మొదటి గుట్ట పండుగప్పలు.

"శుభోదయం. మీ నిశ్చింతను. మొదటి ధర చెప్పగలరు" అంది పలక.

బుల్లబ్బాయి మామ మరీ సిగ్గులేనంత తక్కువ రేటు ఒకటి అన్నాడు.

"ధన్యవాదాలు" అంది పలక. అని, తర్వాతి మాట కోసం ఊరుకుంది.

"ఆగింది! గొంతు ఆగిందండోయ్!" మామ అప్పటికే గంపలోకి చేపలు తోస్తున్నాడు. "సరుకు నాది!"

ఆ చేపలు అమ్మకానికి తెచ్చిన గంగాభవాని కొంగు దోపుకుని పీట దగ్గరికొచ్చింది. ప్రణీత్ అడ్డం నిలబడి, "అది ఆగలేదండీ, వింటోంది. వినడం కోసం ఆగింది" అన్నాడు.

"ఇనేటప్పుడు ఊఁ కొట్టాలా వద్దా? ఊఁ కొట్టకపోతే ఇంటన్నట్టు నాకెలా తెలుత్తది? మడిసివి కాదూ?" అంది గంగాభవాని.

పలక మధ్యలో కలగజేసుకుని, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాను" అంది. ఆ మాటతో గోల రెట్టింపైంది. తాతారావు గారు చేతులెత్తి, "ఆ గుట్ట బుల్లబ్బాయిదేనండి, పద్ధతి పద్ధతే. రెండోది కాసులమ్మని పాడించమనండి" అన్నారు.

అత్త పలకని తీసి ప్రణీత్‌కి అందించింది. పీటెక్కింది. నేను హారను వైరు మా డబ్బాకి కలిపాక పెడలు మీద కాలేసింది.

హారన్లోంచి ఊఁ… వచ్చింది.

గొడవ పడుతున్నవాళ్ళంతా పీటవైపు తిరిగారు. ఎండాకాలం నుంచి వినని గొంతు. గంగాభవాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"బుల్లబ్బాయ్" అంది అత్త, ఒక్క అక్షరం పోకుండా. "ఆ గుట్ట తీసుకున్నావ్, సరే. రెండోదాని మీద కన్నేశావో, కళ్ళు పీకుతా."

మామ తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "పాడించవే తల్లీ" అన్నాడు. మనిషి నవ్వుతున్నాడు.

రేట్లు ఎక్కుతున్నాయి. ఊఁ, అంకె, ఊఁ, తిట్టు, ఊఁ, అంకె. ప్రణీత్ తాతారావు గారి చెవిలో చెప్పడం చూశాను. రిజిస్టరు కాని పరికరం, ఆపెయ్యాలి, లేకపోతే రేవుకి టవరు పోతుంది. తాతారావు గారు భయస్తుడు. వెళ్ళి హారను స్విచ్చి మీద చెయ్యి వేశారు.

చెయ్యి వేశారు కానీ నొక్కలేదు.

"పాట నడుస్తోంది కదండీ" అన్నారు. "మధ్యలో గొంతు తెంపకూడదండి. మా రేవులో ఎవరూ తెంపలేదండి. ఆగనివ్వండి, ఆగిన వెంటనే తీసేస్తాను. ఆయ్."

అత్తకి ఆ మాట వినిపించింది. నావైపు చూసింది. ఆమె మొహంలో వచ్చిన ఆ దొంగనవ్వు నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను.

గుట్ట తెగింది. ఊఁ ఆగలేదు. కాలు తియ్యకుండానే చేత్తో మూడో గుట్ట చూపించింది. అది తెగింది. నాలుగోది. పలకకి రాసిపెట్టిన గుట్టలు కూడా ఒకదాని వెంట ఒకటి ముందుకు తోసేశారు ఆడవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే. ఎండెక్కింది. డబ్బా కాలిపోతుంటే తడిగుడ్డ కప్పి నేను విసురుతున్నాను. అత్త కాలు వణకడం మొదలైంది. బావ వెళ్ళి కింద కూచుని ఆమె మోకాలికి భుజం ఆనించాడు. తాతారావు గారు స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డారు, చెమటలు కక్కుతూ. చివరికి మిగిలింది గంప అడుగున దోసెడు మెత్తళ్ళు. వాటికీ పాట పాడించింది. వాటికీ పోటీ పడ్డారు జనం.

"తెగింది" అంది అత్త. కాలు తీసింది.

ఆ సౌండు కార్డు వెంటనే నిద్రపోయి ఉంటుంది. పోనీ, పడుకోనీ.

"ఇదుగోనండి, ఆపేశాను" అన్నారు తాతారావు గారు, అమ్మడానికి ఒక్క చేప లేని రేవులో స్విచ్చి నొక్కుతూ.

మధ్యాహ్నం ఆయనే పీట మోసుకుని మా పంటెక్కారు. ఇడ్లీ మరకలు కడిగించి మరీ తెచ్చారు. టవరు మాటేంటమ్మా అన్నారు. పోతే పోనీయండి బాబాయ్, పంటుకీ పంటుకీ వైరు లాగుతాను, తాళ్ళు కట్టుకున్నవాళ్ళం వైర్లు కట్టుకోలేమా అన్నాను. ఆయన టీ తాగి, "మా ఇంటి నుంచి మొదలెట్టమ్మా" అని లేచారు.


నమోదు 317. అదే రోజు.
చేయి పెట్టింది: కాసులమ్మ.

నేను దీంట్లో రాయటం ఇదే మొదలు. ఎవరు చేయి పెట్టినా రాయాలన్నారు కదా.

ఏం మార్చాను: శబ్దాలు శుభ్రం చేసే ప్రోగ్రాము తీసేశాను. ఎందుకు మార్చాను: అది నన్ను ఊడ్చేసింది. మార్చాక ఏమైంది: కాకులొచ్చాయి. రానీండి, అవి రోజూ నాతోనే ఉండేవి.

ఏడుకొండలూ, నా ఊఁ జోలికొస్తే చేతులు విరగ్గొడతా. పోలీ, టీ పెట్టు.